గుండెలో కోసి తీసిన కణితి మళ్ళీ పుట్టగలదా?

గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని బెంగళూరు నుంచి ఇంటికి వచ్చినవారి చేతిలో ఒక కాగితాల కట్ట ఉంటుంది. మందుల చీటీ ఒకటి, డిశ్చార్జి సారాంశం ఒకటి, తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించిన నివేదిక మరొకటి. మందుల చీటీని అందరూ జాగ్రత్తగా చూసుకుంటారు. తక్కిన రెండూ పెట్టెలో బట్టల అడుగుకు చేరుతాయి. జంగమకోటె, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివిన చాలామందికి ఆ కాగితాలలోని ఆంగ్లం అందదు. అయితే గుండెలో మిక్సోమా అనే కణితిని తీయించుకొన్నవారి విషయంలో ఆ సారాంశంలోని చివరి పంక్తులు మందుల చీటీకి ఏమాత్రమూ తీసిపోవు. మళ్ళీ ఎప్పుడు ఎకో పరీక్షకు రావాలో అక్కడే రాసి ఉంటుంది. "కణితిని తీసివేశారు కదా, క్యాన్సరు కాదన్నారు కదా, ఇంకా పరీక్ష దేనికి?" అని అడగడం సహజమే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుండెలోనే పుట్టే కణితులు చాలా అరుదు. శవపరీక్షల ఆధారంగా వేసిన అంచనాల ప్రకారం అవి పది వేల మందిలో ఇద్దరికి అటూ ఇటుగా కనిపిస్తాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు క్యాన్సరు కానివే. పెద్దవారిలో కనిపించే అటువంటి కణితులలో ఎక్కువ భాగం మిక్సోమాలు. ఇవి సాధారణంగా 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసువారికి వస్తాయి. పురుషులలో కన్నా స్త్రీలలో ఎక్కువ.

మన గుండెకు పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉన్నాయి. పై గదులను కర్ణికలనీ, కింది వాటిని జఠరికలనీ అంటారు. రెండు కర్ణికలకు నడుమ ఉన్న గోడలో ఒకచోట చిన్న పల్లం ఉంటుంది. తల్లి గర్భంలో ఉన్నప్పుడు శిశువు రక్తం ఒక కర్ణిక నుంచి మరొక కర్ణికకు అక్కడున్న రంధ్రం గుండానే పోయేది. పుట్టిన తరువాత ఆ రంధ్రం మూసుకొని పల్లంగా మిగిలిపోతుంది. మిక్సోమాలలో నూటికి 75 నుంచి 80 వరకు ఎడమ కర్ణికలోనే, ఎక్కువగా ఈ పల్లం అంచున, ఒక కాడకు వేలాడుతూ పెరుగుతాయి. దాదాపు తక్కినవన్నీ కుడి కర్ణికలో ఉంటాయి. జఠరికలలో పుట్టేవి బహు కొద్ది. కోసి తీసినప్పుడు ఈ కణితి తాటిముంజలాగా మెత్తగా, నీరు నిండినట్లు నిగనిగలాడుతూ ఉంటుంది. పరిమాణం సాధారణంగా 4 నుంచి 8 సెంటీమీటర్లు. కొన్ని పైకి నునుపుగా ఉంటాయి. మరికొన్ని మన ప్రాంతపు ద్రాక్షగుత్తిని తలపిస్తూ, ముట్టుకుంటే రాలిపోయేటంత పెళుసుగా ఉంటాయి. ఈ రెండవ రకమే ఎక్కువ ప్రమాదకరం. కారణం కొంచెం ముందుకు వెళితే తెలుస్తుంది.

వైద్యులు ఇటువంటి కణితిని నిరపాయకరమైనది అంటారు. ఆ మాటకు వైద్యశాస్త్రంలో ఉన్న అర్థం ఒకటి, మన వాడుకలో ఉన్న అర్థం మరొకటి. అది చుట్టుపక్కల కణజాలాన్ని తొలుచుకుంటూ పోదు, క్యాన్సరు మాదిరి శరీరమంతటా పాకదు అని మాత్రమే వైద్యుని భావం. అపాయం లేదని కాదు. వీపు మీద కొవ్వు గడ్డ ఇరవై ఏళ్ళు ఉన్నా మనిషికి ఏమీ కాకపోవచ్చు. అదే పరిమాణం గల గడ్డ గుండె గదిలో ఉంటే రక్తం నడిచే దారి మూసుకుపోతుంది. అందుచేత 'నిరపాయకరం' అనే మాటను ఈ వ్యాసంలో వాడడం లేదు. ఎక్కడ వాడినా అది చదువరిని పక్కదారి పట్టిస్తుందని మా అభిప్రాయం.

'గడ్డ' అనే మాటతోనూ ఇబ్బంది ఉంది. తెలుగులో గడ్డకట్టిన రక్తమూ గడ్డే, కణితీ గడ్డే. గుండెలో రక్తపు గడ్డ ఉంటే రక్తాన్ని పలుచన చేసే మందులతో అది కరగవచ్చు. మిక్సోమా మందులకు కరగదు. దాన్ని శస్త్రచికిత్సతో తీయవలసిందే. "గుండెలో గడ్డ ఉంది" అని చెప్పినప్పుడు ఆ రెండింటిలో ఏది అని అడిగి తెలుసుకోవడం రోగి బంధువుల బాధ్యత.

అది గుండెలో ఉందని ఎలా తెలుస్తుంది?

ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు నడుమ మిట్రల్ కవాటం అనే తలుపు ఉంది. కాడకు వేలాడే కణితి గుండె కొట్టుకొన్నప్పుడల్లా ఆ తలుపు దాకా వచ్చి వెనుకకు పోతూ ఉంటుంది. అది పెద్దదైన కొద్దీ రక్తం జఠరికలోకి దిగడం కష్టమై, ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరిగి, ఆయాసం మొదలవుతుంది. చిన్ననాట రుమాటిక్ జ్వరం వచ్చి కవాటం ఇరుకైనవారికి కూడా అచ్చంగా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. మన దేశంలో రుమాటిక్ గుండెజబ్బు ఇంకా పోలేదు గనుక ఒకదానిని మరొకటిగా పొరబడడం సులభం. స్టెతస్కోపుతో వినే శబ్దాలు కూడా రెండింటిలోనూ దగ్గరగానే ఉంటాయి. ఒక తేడాను మాత్రం రోగి తానే గమనించగలడు. మిక్సోమా వేలాడుతూ ఉంటుంది కనుక శరీరపు భంగిమను బట్టి బాధ మారుతుంది. ఒక పక్కకు తిరిగి పడుకొంటే ఊపిరి ఆడక, మరో పక్కకు తిరిగితే హాయిగా ఉండడం, కూర్చొన్నవారు లేవగానే కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే వైద్యునికి తప్పక చెప్పాలి. పట్టుగూళ్ళ నుంచి నూలు తీసే కేంద్రాలలో పనిచేసేవారికి ఆయాసం వస్తే ఆవిరికీ పొగకూ ముడిపెట్టి ఊరుకోవడం చాలా తేలిక. పడుకొనే పక్కను బట్టి మారే ఆయాసానికి పొగ కారణం కాదు.

పెళుసుగా ఉండే కణితి నుంచి ముక్కలు తెగి రక్తంలో కొట్టుకుపోవడం మరొక ప్రమాదం. ఎడమ కర్ణికలో మిక్సోమా ఉన్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఇలా జరుగుతుంది. ముక్క మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. కాలికి చేరితే కాలు చల్లబడి, నొప్పి పుట్టి, నాడి దొరకకుండా పోతుంది. రక్తపోటు గాని చక్కెర వ్యాధి గాని లేని మధ్యవయసువారికి హఠాత్తుగా పక్షవాతం వచ్చినప్పుడు గుండెకు ఎకో చేయించమని వైద్యులు కోరేది ఇటువంటి కారణాల కోసమే.

మూడవ తీరు అన్నింటికన్నా మోసకరం. కొన్ని మిక్సోమాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దానివల్ల సన్నని జ్వరం, బరువు తగ్గడం, కీళ్ళనొప్పులు, అలసట కలుగుతాయి. రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ పెరిగి ఉంటుంది. ఇది చూచి క్షయ అనో, కీళ్ళవాతం అనో, గుండె కవాటాలకు సూక్ష్మజీవులు సోకాయనో అనుకోవడం కద్దు. కణితిని తీసిన తరువాత ఈ లక్షణాలన్నీ తగ్గిపోతాయి. ఏళ్ళు గడిచాక అవే మళ్ళీ తలెత్తితే అది కణితి తిరిగి వచ్చిందనడానికి ఒక సూచన కావచ్చు.

డెబ్బై ఏళ్ళ కిందటి మాట

1950వ దశకానికి ముందు ఈ కణితి బయటపడేది దాదాపుగా శవపరీక్షలోనే. గుండెను ఆపి, తెరిచి, లోపల పనిచేసే వీలు అప్పటికి లేదు. 1953 మే నెలలో అమెరికాలో జాన్ గిబ్బన్ అనే శస్త్రవైద్యుడు గుండె-ఊపిరితిత్తుల యంత్రం సాయంతో మొదటిసారిగా గుండె లోపలి రంధ్రాన్ని విజయవంతంగా మూశారు. మరుసటి ఏడాదే, 1954లో, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ అటువంటి యంత్రం సాయంతోనే ఎడమ కర్ణికలోని మిక్సోమాను తీసి రోగిని బతికించారు. 1959లో జర్మనీలో స్వెన్ ఎఫర్ట్ బృందం ధ్వనితరంగాల పరీక్షతో, అంటే నేటి ఎకోకు తొలి రూపంతో, శరీరాన్ని తెరవకుండానే ఈ కణితిని కనిపెట్టింది. అప్పటి నుంచి మిక్సోమా చికిత్స ఉన్న జబ్బుగా మారింది.

అయితే 1967లో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ఫ్రాంక్ గెర్బోడ్ బృందం ఒక కొత్త సంగతిని వైద్యలోకం ముందు పెట్టింది. శస్త్రచికిత్సతో తీసిన మిక్సోమా ఆ రోగిలో మళ్ళీ పెరిగింది. తీసివేస్తే పీడ విరగడైనట్లే అన్న నమ్మకానికి అది మొదటి దెబ్బ. ఆ తరువాతి సంవత్సరాలలో మరెన్నో ఆస్పత్రుల నుంచి ఇటువంటి వార్తలు రాసాగాయి. ఎందుకు తిరిగి వస్తుంది, ఎవరికి వస్తుంది అనే ప్రశ్నలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

తుంగ పీకిన చేను

రాగి చేలో కలుపు తీసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. తుంగను పైపైన పీకితే నేలలో మిగిలిన గడ్డ నుంచి అది మళ్ళీ మొలకెత్తుతుంది. మిక్సోమా తిరిగి రావడానికి చెప్పే మొదటి కారణం ఇదే. కాడను మాత్రం కోసి, కాడ మొదలు అంటుకొని ఉన్న గోడలో కణాలు మిగిలిపోతే వాటి నుంచి కణితి మరల పెరగవచ్చు. అందువల్ల శస్త్రవైద్యులు కణితి ఒక్కదానినే కాక, అది అంటుకొన్న చోట కర్ణికల నడిమి గోడను కూడా కొంత మేర గుండ్రంగా కోసి తీస్తారు. అక్కడ పడిన రంధ్రాన్ని గుండెపై పొర నుంచి తీసిన ముక్కతోనో, కృత్రిమ వస్త్రంతోనో మూస్తారు. అంత విస్తారంగా తీయడం ప్రతివారికీ అవసరమా అన్నదానిపై వైద్యులలో భేదాభిప్రాయం ఉన్నది. గోడ లోపలి పొరను మాత్రమే తీసిన కొందరు వైద్యుల రోగులలో కూడా కణితి తిరిగి రావడం చాలా అరుదుగానే కనబడింది. కాబట్టి ఫలానా వైద్యుడు ఎక్కువ తీశాడు, మరొకరు తక్కువ తీశారు అని రోగి మనసు పాడుచేసుకోనక్కరలేదు.

రెండవ కారణం, పీకేటప్పుడు విత్తనాలు రాలడం. పెళుసైన కణితిని కదిలిస్తే కణాలు రాలి గుండెలోనే మరోచోట నాటుకొనే అవకాశం ఉందని భావిస్తారు. అందుకే గుండెను ఆపే వరకు దానిని వీలైనంత తక్కువగా ముట్టుకుంటారు. కణితిని ముక్కలు కాకుండా ఒకటిగా బయటకు తీసి, గుండె గదులను లవణజలంతో కడిగి, నాలుగు గదులూ పరిశీలిస్తారు. బహు అరుదుగా, మెదడు రక్తనాళాలకు కొట్టుకుపోయిన ముక్కలు అక్కడి నాళపు గోడను బలహీనపరచి, గుండె బాగుపడిన ఎన్నో ఏళ్ళకు ఆ నాళం ఉబ్బడం కూడా జరిగింది. ఒకప్పుడు పక్షవాతం వచ్చి, ఆ తరువాత మిక్సోమా తీయించుకొన్నవారు కొత్తగా తలనొప్పులు గాని మూర్ఛలు గాని వస్తే గుండె వైద్యునికే కాక నరాల వైద్యునికి కూడా పాత కథ మొత్తం చెప్పవలసింది ఇందుకే.

మూడవ కారణం చేనుకే సంబంధించినది. కొందరి శరీరంలో ఆ కణితిని పుట్టించే స్వభావమే జన్యువులలో ఉంటుంది. అటువంటివారిలో మొదటి కణితిని ఎంత చక్కగా తీసినా, వేరొక చోట, వేరొక గదిలో, కొత్తది పుడుతుంది. నిజానికి అది తిరిగి రావడం కాదు, మరొకటి రావడం.

నాలుగవది కూడా ఉంది, కాని అది కణితి తప్పు కాదు. క్యాన్సరు స్వభావం గల కొన్ని అరుదైన కణితులు పైకి మిక్సోమా లాగే కనబడతాయి. కొద్ది నెలలలోనే కణితి మళ్ళీ వచ్చి వేగంగా పెరుగుతుంటే వైద్యులు మొదట చేసేది పాత ముక్క నివేదికను తిరిగి చూడడం. పెట్టె అడుగున ఉన్న మూడవ కాగితం విలువ ఆనాడు తెలుస్తుంది.

ఎవరికి ఎంత అవకాశం?

ఇక్కడ అంకెలు అవసరం. కుటుంబంలో మరెవరికీ లేక, ఒకే ఒక్క మిక్సోమా, సాధారణంగా ఉండవలసిన చోటనే ఉన్నవారిని శస్త్రచికిత్స తరువాత గమనించగా, నూటికి 1 నుంచి 3 మందిలో మాత్రమే అది తిరిగి వచ్చింది. మిక్సోమా వచ్చినవారిలో అత్యధికులు ఈ వర్గానికే చెందుతారు. నూటికి 97 మందికి మళ్ళీ రాదన్న మాట. ఈ జబ్బుతో బాధపడినవారికి ధైర్యం చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు. కుటుంబంలో ఇంకొకరికి కూడా మిక్సోమా ఉన్నవారిలో ఈ సంఖ్య సుమారు 12. కార్నీ సముదాయం అనే జన్యు వ్యాధి ఉన్నవారిలో సుమారు 22. ఇవి 1980వ దశకంలో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన పరిశీలనతో బాగా ప్రచారంలోకి వచ్చిన లెక్కలు. నేటికీ గుండె వైద్య గ్రంథాలలో వీటినే ఉదహరిస్తారు.

ఆ కార్నీ సముదాయం గురించి కొంత వివరంగా చెప్పాలి. దాని పేరు మాయో క్లినిక్‌లో పనిచేసిన రోగనిర్ణయ శాస్త్రవేత్త జె. ఏడన్ కార్నీ మీదుగా వచ్చింది. గుండెలోను, చర్మంలోను మిక్సోమాలు, చర్మం మీద చుక్కలు, కొన్ని గ్రంథులు అతిగా పనిచేయడం, ఇవన్నీ ఒకే మనిషిలో కలిసి కనబడుతున్నాయని ఆయన 1985లో వివరించారు. పెదవుల మీద, కనురెప్పల మీద, చెవుల దగ్గర పుట్టుమచ్చల కన్నా చిన్నవైన గోధుమ, నల్లని చుక్కలు గుంపుగా ఉంటాయి. కనురెప్ప మీదనో చెవి తమ్మెలోనో మెత్తని చిన్న బుడిపెలు ఉండవచ్చు. అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడం వల్ల ముఖం గుండ్రమై, నడుము లావై, రక్తపోటు పెరగవచ్చు. 2000 సంవత్సరంలో దీనికి కారణమైన ఒక జన్యువును 17వ క్రోమోజోము మీద కనుగొన్నారు. దాని పేరు పీఆర్‌కేఏఆర్1ఏ. ఇటువంటివారిలో గుండె కణితి చిన్న వయసులోనే, ఒకటికి మించి, ఏ గదిలోనైనా పుట్టవచ్చు. స్త్రీ పురుష భేదం కూడా ఉండదు. అంటే ఇరవై ఏళ్ళ యువకునికి కుడి జఠరికలో మిక్సోమా కనిపిస్తే, అది సాధారణ రకం కాకపోవచ్చని వైద్యుడు వెంటనే అనుమానిస్తాడు.

మన ప్రాంతంలో మేనరికాలు ఉన్నాయి కనుక ఒక సందేహాన్ని ఇక్కడే తీర్చాలి. ఇటువంటి జబ్బు మేనరికం వల్ల వచ్చిందని తల్లిదండ్రులను, ముఖ్యంగా తల్లిని, నిందించడం సరికాదు. దగ్గరి సంబంధాల వల్ల పెరిగే జన్యు వ్యాధులలో తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు రెండు వైపులా రావాలి. కార్నీ సముదాయం అలా కాదు. తల్లి గాని తండ్రి గాని ఒక్కరి నుంచి వచ్చినా చాలు. లోపమున్న ఒక్కరి సంతానంలో ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. కొందరికి తల్లిదండ్రులలో ఎవరికీ లేకుండానే కొత్తగా కూడా వస్తుంది. ఇందులో పెళ్ళి సంబంధం ఎవరితో కుదిరిందన్నదానికి ప్రమేయం లేదు.

కుటుంబంలో ఇద్దరికి మిక్సోమా ఉన్నట్లు తేలితే, లేదా ఒకరికే ఉన్నా పైన చెప్పిన లక్షణాలు కనబడితే, వారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరూ ఒకసారి ఎకో చేయించుకోవడం మంచిది. నొప్పి లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. ఇంత సులభమైన పరీక్షను బంధువులకు చేయించకపోవడమే కొన్ని ఇళ్ళలో రెండవ మరణానికి కారణమవుతుంది. ఒకే మిక్సోమా ఉండి, కుటుంబంలో ఏ సూచనా లేని సాధారణ రోగుల బంధువులందరికీ ఈ పరీక్ష అక్కరలేదు.

పరీక్షలు ఎంత కాలం?

తిరిగి వచ్చే కణితులలో ఎక్కువ భాగం శస్త్రచికిత్స తరువాత మొదటి నాలుగైదు ఏళ్ళలోనే బయటపడ్డాయి. పదేళ్ళు దాటిన తరువాత కనిపించినవి కూడా ఉన్నాయి. అందువల్ల సాధారణ రకానికి మొదటి అయిదేళ్ళు ఏటా ఎకో చేయించుకోమని, ఆ తరువాత ఎడం పెంచవచ్చని చాలామంది వైద్యులు చెబుతారు. కార్నీ సముదాయం గాని కుటుంబ చరిత్ర గాని ఉన్నవారికి ఇది జీవితాంతం సాగవలసిన పని. ఒకసారి కణితి తీయించుకొన్నవారైతే ఆరు నెలలకొకసారి కూడా రమ్మంటారు. మీ వైద్యుడు రాసిచ్చిన గడువే మీకు ప్రమాణం.

బాధ ఏమీ లేనప్పుడు ఎందుకు పోవాలి అన్న ప్రశ్న ఇక్కడ మళ్ళీ వస్తుంది. తిరిగి వచ్చిన కణితి మొదట ఏ బాధనూ కలిగించదు, అదే దీని స్వభావం. ఒక సెంటీమీటరు ఉన్నప్పుడు ఎకోలో కనబడుతుంది, ఆయాసం మాత్రం రాదు. బాధ కలిగే దాకా ఆగితే అప్పటికి అది పెద్దదై ఉంటుంది, లేదా ముక్క తెగి మెదడుకు పోయి ఉంటుంది. మొదటిసారి ఎలాగూ బాధ కలిగిన తరువాతే తెలిసింది. రెండవసారి ముందే తెలుసుకొనే అవకాశం ఉన్నది.

ఈసీజీ తీయించుకొని "గుండె బాగుంది" అనుకొని తృప్తిపడేవారు కూడా ఉన్నారు. డాక్టర్ పునీత్ రాజ్‌కుమార్ హృదయజ్యోతి పథకం వచ్చిన తరువాత తాలూకా ఆస్పత్రులలో ఈసీజీ సులభంగా అందుతోంది. అది గుండెపోటును త్వరగా పట్టుకొనేందుకు ఉద్దేశించిన మంచి ఏర్పాటు. కాని ఈసీజీ గుండెలోని విద్యుత్తును చూపుతుంది, గుండెలోని వస్తువును చూపదు. మిక్సోమా ఉన్నవారి ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. కణితిని చూడాలంటే ఎకో కావాలి. ఛాతీ మీద పెట్టి చేసే ఎకోతో చాలావరకు తెలుస్తుంది. స్పష్టత చాలకపోతే సన్నని గొట్టాన్ని అన్నవాహికలోకి దింపి గుండెకు వెనుక నుంచి చూస్తారు. ఆ పరీక్షకు ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. ఇది తెలియక ఉదయం ముద్ద తిని బస్సెక్కి, మధ్యాహ్నం పరీక్ష వాయిదా పడి తిరిగి వచ్చేవారి కష్టం ఎవరికీ అక్కరలేదు.

ఎకోలో ఏదో కనబడిందనగానే కణితి తిరిగి వచ్చిందని బెంబేలు పడకూడదు. గోడకు కుట్టిన అతుకు దగ్గర కణజాలం మందంగా కనిపించవచ్చు. అక్కడ రక్తపు గడ్డ కట్టి ఉండవచ్చు. ఇటువంటప్పుడు గుండెకు ఎంఆర్ఐ తీయించడం, కొద్ది వారాల తరువాత ఎకోను మళ్ళీ చేసి పోల్చి చూడడం ఉపయోగపడతాయి. పోల్చడానికి పాత నివేదికలు ఉండాలి. ప్రతి ఎకో కాగితాన్నీ తేదీల వరుసలో ఒకే సంచిలో పెట్టుకొని, ప్రతిసారీ ఆ సంచిని వెంట తీసుకుపోవాలి. ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క చోట పరీక్ష చేయించుకొనేవారికి ఇది మరీ ముఖ్యం.

పసిపిల్లల విషయం వేరు. శిశువుల గుండెలో ఎక్కువగా కనిపించే క్యాన్సరు కాని కణితి రాబ్డోమయోమా. రక్తప్రవాహానికి అడ్డం రానంత వరకు దాన్ని తీయనక్కరలేదు. చాలామంది పిల్లలలో అది వయసుతోపాటు తనంతట తానే కరిగిపోతుంది. అయితే మెదడుకు, చర్మానికి కూడా సంబంధించిన ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధితో దీనికి దగ్గరి సంబంధం ఉంది గనుక పిల్లల వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

రెండవసారి తీయవలసి వస్తే

రెండవ శస్త్రచికిత్స మొదటిదాని కన్నా కష్టతరం. మొదటిసారి కోసిన చోట గుండె, ఎముక ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. వాటిని విడదీయడానికి సమయం పడుతుంది, రక్తం ఎక్కువగా పోవచ్చు. అయినా అనుభవం గల కేంద్రాలలో ఇది విజయవంతంగా జరుగుతున్నది. కణితి చిన్నగా ఉన్నప్పుడే, రోగి బలంగా ఉన్నప్పుడే చేస్తే ఫలితం మెరుగు. పదే పదే వస్తున్న అరుదైన రోగులకు గుండె మార్పిడి చేసిన సందర్భాలూ వైద్య చరిత్రలో ఉన్నాయి.

మన ప్రాంతంవారికి ఇటువంటి చికిత్స దూరంలో లేదు. బెంగళూరులోని శ్రీ జయదేవ హృద్రోగ సంస్థ రాష్ట్ర ప్రభుత్వపు స్వయంప్రతిపత్తి సంస్థ. 1991 నవంబరు 22న పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ గుండె శస్త్రచికిత్సలను ఉచితంగా చేస్తూ వచ్చింది. బాగేపల్లివారికి అది బెంగళూరు కన్నా దగ్గర, అక్కడ మాట్లాడేది తెలుగే. అదే సంస్థ బెంగళూరు వైట్‌ఫీల్డులో 2001లో మరో ఆస్పత్రిని తెరిచింది. జంగమకోటె, చింతామణివారు హొసకోటె మీదుగా అక్కడికి చేరవచ్చు.

ఖర్చు విషయానికి వస్తే, ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకం కింద బీపీఎల్ రేషన్ కార్డు గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. ఏపీఎల్ కుటుంబాలకు నిర్ణయించిన మొత్తంలో 30 శాతం, ఏడాదికి లక్షన్నర రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. అత్యవసరం కాని పెద్ద చికిత్సలకు ముందుగా ప్రభుత్వ ఆస్పత్రి నుంచి సిఫారసు పత్రం తీసుకోవాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, శస్త్రచికిత్సకు ఏది వర్తిస్తుంది, ఏటా చేయించుకొనే ఎకోకు ఏది వర్తిస్తుంది అని విడివిడిగా అడగాలి. సిఫారసు కోసం తాలూకా ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆధార్, రేషన్ కార్డులతోపాటు పాత డిశ్చార్జి సారాంశాన్ని, ముక్క పరీక్ష నివేదికను, చివరి ఎకో కాగితాన్ని కూడా తీసుకుపోండి. శస్త్రచికిత్స నాటి కాగితాలు పోగొట్టుకొన్నవారు ఆ ఆస్పత్రి రికార్డుల విభాగంలో రోగి సంఖ్య గాని, చేరిన తేదీ గాని చెప్పి నకలు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.